ఏరిన అంకెలు

నేపర్‌విల్‌లో ఛాయాదేవి పనిచేసిన ఆఫీసు ఒక పళ్ల డాక్టరు క్లినిక్ పై అంతస్తులో ఉండేది. బయట చిన్న బోర్డు తప్ప అక్కడ ఏం జరుగుతుందో ఎవరికీ తెలిసేది కాదు. కొత్త మందులను ఆసుపత్రుల్లో రోగుల మీద పరీక్షించినప్పుడు వచ్చే వివరాలన్నీ అక్కడికి చేరేవి. ఎవరికి ఎంత మోతాదు ఇచ్చారు, ఎవరికి వాంతులయ్యాయి, ఎవరు కోలుకున్నారు, ఎవరు పోయారు. వాటిని స్టాటిస్టికల్ సాఫ్ట్‌వేర్‌లో వేసి, మందు పనిచేసిందా లేదా అన్నది తేల్చే పట్టికలు తయారుచేయడం ఆమె పని. ఇరవై ఏళ్లకు పైగా అదే ఆఫీసు, కిటికీ పక్కన అదే కుర్చీ.

ఆమెది పార్వతీపురం. విశాఖపట్నంలో ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్ చదివింది. పెళ్లయి ఈ దేశం వచ్చాక, కూతురు ఆద్య స్కూల్లో చేరేదాకా ఇంటిపట్టునే ఉంది. ఆ తర్వాత పబ్లిక్ లైబ్రరీలో కూర్చుని సాఫ్ట్‌వేర్ నేర్చుకుని ఉద్యోగంలో చేరింది. ఎక్కువ మాట్లాడేది కాదు. తలా ఒక వంటకం తెచ్చే పాట్‌లక్ విందులకు పులిహోర చేసి పట్టుకెళ్లి, గిన్నె ఖాళీ కాగానే ఇంటికి వచ్చేసే మనిషి.

ఆఫీసులో మాత్రం ఆమె మాటకు బరువుండేది. ఒకసారి ఒక పెద్ద డాక్టరు ఫోన్‌చేసి, మందు మొదలుపెట్టిన కొద్ది రోజులకే చనిపోయిన ఇద్దరిని లెక్కలోంచి తీసేయమన్నాడు. వాళ్ల మీద మందు పనిచేసేంత సమయమే లేదు కదా అన్నాడు. ఛాయాదేవి వాళ్లు లెక్కలోనే ఉంటారని, కావాలంటే ఆ సంగతి కింద రాసుకోవచ్చని చెప్పింది. డాక్టరు ఆమె మేనేజరు బ్రెండాకు ఫిర్యాదు చేశాడు. బ్రెండా షికాగోలోనే పుట్టి పెరిగిన మనిషి, మొహమాటం తెలియదు. "ఛాయ ఉంటారందంటే ఉంటారు" అని ఫోన్ పెట్టేసింది. ఆనాటి నుంచి ఛాయాదేవి సంతకం చేసిన కాగితాన్ని బ్రెండా రెండోసారి చూసేది కాదు.

మూడేళ్ల కిందట ఆమె భర్త చక్రపాణి షికాగో రైలెక్కబోతూ ప్లాట్‌ఫాం మీద కూలిపోయాడు. పక్షవాతం. కుడిచెయ్యి పడిపోయింది, మాట పోయింది. ఇంజనీరు ఉద్యోగం ఆ రోజుతో ఆగింది. మాట తిరిగి నేర్పడానికి ఒక థెరపిస్టు, చేతికి ఇంకో థెరపిస్టు. ఇద్దరి దగ్గరకూ వెళ్లగలగడం ఛాయాదేవి ఉద్యోగంతో వచ్చే ఇన్సూరెన్స్ వల్లే. మూడేళ్లలో ఆయన చిన్న చిన్న వాక్యాల దాకా వచ్చాడు. మధ్యలో మాట దొరక్కపోతే కళ్లు మూసుకుని వెతుక్కునేవాడు. ఆమె అందించేది కాదు. అందించొద్దని థెరపిస్టు చెప్పింది.

ఆఫీసులో ఆ పని చేసేవాళ్లు నలుగురు. ఛాయాదేవి, ఇక్కడే పుట్టిన నీల్, వారానికి మూడు రోజులు వచ్చే ఒక పెద్దావిడ, అందరికంటే ఆఖరున చేరిన అనీష్. అనీష్‌ది హనుమకొండ. హెచ్‌వన్‌బీ వీసా మీద ఉన్నాడు. భార్య రష్మి గర్భవతి.

నలుగురి పనీ వెనక గదిలో ఉన్న ఒక పాత సర్వర్ మీదే నడిచేది. అందరూ ఒకేసారి వాడితే అది నత్తలా పాకేది. పొద్దున ఒక ప్రోగ్రాం పెడితే భోజనాల వేళకి ఫలితం వచ్చేది. ఆ ఖాళీలోనే ఛాయాదేవికి, అనీష్‌కి స్నేహం కుదిరింది. ఆమె తెచ్చిన డబ్బాలో సగం అతనికి పెట్టేది. అతను ఊళ్లో అమ్మమ్మ గురించి, వీసా గురించి, పుట్టబోయే బిడ్డ గురించి చెప్పేవాడు. తన సొంత కూతురు సియాటిల్ నుంచి ఫోన్‌చేస్తే ఇంత మాట్లాడదు కదా అని ఆమెకు అనిపించేది.

ఆగస్టులో ఒకరోజు బ్రెండా ఆమెను తన గదిలోకి పిలిచి బల్ల మీద రెండు కొత్త లాప్‌టాప్‌లు పెట్టింది. పల్చగా, పలకల్లా ఉన్నాయి. లోపల తిరిగే పాతకాలపు డిస్క్ లేదు, దాని బదులు ఏదీ తిరగని, చాలా వేగమైన ఎస్‌ఎస్‌డి ఉంది. మన సాఫ్ట్‌వేర్ వీటి మీద సరిగ్గా నడుస్తుందో లేదో పరీక్షించి రిపోర్ట్ రాయమంది. నడిస్తే సర్వర్ తీసేసి తలా ఒకటి ఇచ్చేస్తామంది. తర్వాత తలుపు దగ్గరకు వేసి, గొంతు తగ్గించింది.

"ఇవి అనుకున్నంత వేగంగా ఉంటే నలుగురి పని ఇద్దరు చెయ్యొచ్చు అంటున్నారు పైవాళ్లు. నీ గురించి నువ్వు కంగారుపడకు."

ఛాయాదేవి లాప్‌టాప్‌లు తన బల్ల మీదకు తెచ్చుకుంది. సాఫ్ట్‌వేర్ ఎక్కించి, సర్వర్ ఖాళీగా ఉన్నా గంటన్నర పట్టే పెద్ద పనిని అక్కడ పెట్టింది. వేలమంది రోగుల ఫైళ్లను వరసలో పేర్చి, ఒకదానితో ఒకటి కలిపే పని అది. ఫ్లాస్క్ తీసి టీ వంచుకునేలోపు అయిపోయింది. ఏదో తప్పు జరిగిందనుకుని మళ్లీ పెట్టింది. మళ్లీ అంతే. ఫలితాలు సర్వర్ ఇచ్చినవాటితో సరిచూసింది. చివరి దశాంశం వరకూ సరిపోయాయి.

ఆశ్చర్యపోవాల్సింది లేదు. వాళ్ల సాఫ్ట్‌వేర్ డేటానంతా మెమరీలోకి ఎత్తుకోదు, అడుగడుగునా డిస్క్ మీద చదువుతూ, రాస్తూ పోతుంది. అలాంటిదానికి డిస్క్ వేగమే ప్రాణం. అది తెలిసి కూడా ఆమెకు ఒళ్లు పులకరించింది. ఇరవై ఏళ్లుగా ఎదురుచూస్తూ కూర్చున్న మనిషి ఆమె. ఎవరికైనా చూపిద్దామని తలెత్తితే, ఎదుటి బల్ల దగ్గర అనీష్ గడ్డం కింద చెయ్యి పెట్టుకుని సర్వర్ కోసం ఎదురుచూస్తున్నాడు. ఆమె లాప్‌టాప్ మూసేసింది.

ఆ శనివారం మధ్యాహ్నం రష్మి ఒక్కతే ఛాయాదేవి ఇంటికి వచ్చింది. ఏడో నెల. మెట్లెక్కి వచ్చి గుమ్మంలోనే ఆయాసపడుతూ నిలబడింది.

"నేనొచ్చినట్టు అనీష్‌కి తెల్వదు ఆంటీ. తెలిస్తే ఊకోడు."

"ముందు కూర్చోమ్మా. నీళ్లు తాగు."

రష్మి గ్లాసు పట్టుకుంది గాని తాగలేదు. "కొత్త లాప్‌టాప్‌లు మీరే టెస్ట్ చేస్తున్నరంట కదా. అవి మంచిగ నడిస్తే ఇద్దర్ని తీసేస్తరని అనుకుంటున్నరంట. లాస్ట్‌ల జాయినయింది ఈయనే."

"అదింకా ఎవరూ డిసైడ్ చెయ్యలేదు."

"గ్రీన్ కార్డ్ ఫైల్ మొన్ననే వేసిన్రు ఆంటీ. ఆ ఫస్ట్ అప్రూవల్ ఒక్కటి వస్తే, ఈ జాబ్ పోయినా ఇంకో దగ్గర చూసుకుంటం. వీసాకున్న ఆరేండ్ల లిమిట్ దగ్గరికొచ్చింది. అది రాకముందే జాబ్ పోతే వాపస్ పోవుడే. నవంబర్‌ల డెలివరీ."

"నేనేం చెయ్యగలనమ్మా?"

"స్లో ఉన్నయని రాయండి. కొన్ని నెలలు ఆగితే చాలు. అబద్ధం రాయమని అంటలేను..." రష్మి అక్కడ ఆగిపోయింది.

"అబద్ధమే కదా రాయమంటున్నావు."

రష్మి తల దించుకుని నీళ్లు తాగింది. "అవును ఆంటీ" అంది.

ఛాయాదేవి ఏ మాటా ఇవ్వలేదు. కారు దాకా వెళ్లి దిగబెట్టి వచ్చింది. హాల్లో కుర్చీలో ఉన్న చక్రపాణి అంతా విన్నాడు.

సోమవారం ఆమె ఇంకో రకం పరీక్షలు మొదలుపెట్టింది. వాళ్ల పనిలో అరుదుగా వాడే ప్రోగ్రాములు కొన్ని ఉన్నాయి. ఒకే లెక్కను కొద్దికొద్ది మార్పులతో వేలసార్లు వేసి చూసేవి. వాటికి డిస్క్‌తో పెద్దగా పనిలేదు, భారమంతా ప్రాసెసర్ మీదే. అంత పల్చటి లాప్‌టాప్‌లో ప్రాసెసర్ కాసేపటికి వేడెక్కుతుంది, వేడెక్కితే తనంతట తనే నెమ్మదిస్తుంది. ఆమె అవి పెట్టి చూసింది. సర్వర్ కంటే వెనకబడ్డాయి. ఛార్జర్ పీకేసి బ్యాటరీ మీద పెట్టింది. ఇంకా వెనకబడ్డాయి.

ఆ పరీక్షలనే ఆమె రిపోర్ట్‌లో వివరంగా రాసింది. గ్రాఫులు గీసింది. పెద్ద ఫైళ్ల సంగతి 'సంతృప్తికరం' అన్న ఒక్క మాటతో దాటేసింది. లాప్‌టాప్‌లు ప్రస్తుతానికి మన పనికి సరిపోవని, సర్వర్‌నే ఇంకో ఏడాది నడపడం మంచిదని తేల్చింది. అందులో ఒక్క అంకె కూడా మార్చలేదు. ఏవి చూపించాలో ఏరుకుంది, అంతే. అది మార్చడం కంటే ఎంత పెద్ద తప్పో ఆ ఆఫీసులో ఆమెకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. కింద సంతకం పెట్టేటప్పుడు ఆమెకు ఆ డాక్టరు గుర్తొచ్చాడు. అతను కనీసం ఫోన్‌చేసి అడిగాడు.

బ్రెండా రిపోర్ట్ ఆఖరి పేజీ మాత్రం చదివింది. "నేను వేరేలా అనుకున్నాను. సరే, నువ్వు చెప్పావంటే అంతే" అంది. ముఖం కాస్త వాడింది. ఛాయాదేవి అది గమనించింది గాని ఎందుకో ఆలోచించలేదు. లాప్‌టాప్‌లు పరీక్షలో తప్పాయి, ఇక గండం గడిచినట్టేనని నీల్ అనీష్ భుజం తట్టడం చూసి, బాత్రూంలోకి వెళ్లి చేతులు కడుక్కుంది.

అక్టోబరులో నలుగురినీ ఒక గదిలో కూర్చోబెట్టారు. గోడ మీద తెరలో హెడ్డాఫీసు మనిషి ఒకడు మర్యాదగా మాట్లాడాడు. సర్వర్ కాలం చెల్లింది, కొత్తది కొనే ఆలోచన లేదు, ఈ పనంతా హైదరాబాద్‌లో ఉన్న ఒక కాంట్రాక్టు కంపెనీకి ఇచ్చేస్తున్నాం అన్నాడు. నలుగురి ఉద్యోగాలూ నెలాఖరుకు పోతాయన్నాడు. నీల్ తెర వంకే చూస్తూ ఉండిపోయాడు. అనీష్ ఫోన్ తీసి, మళ్లీ జేబులో పెట్టేసుకున్నాడు.

అందరూ వెళ్లాక ఛాయాదేవి బ్రెండాను అడిగింది. "లాప్‌టాప్‌లు బాగా పనిచేసుంటే?"

"నిన్ను, నీల్‌ని ఉంచేదాన్ని. దానికోసమే ఆ రెండూ తెప్పించాను. ఇద్దరితో ఇక్కడే నడిపిస్తానని వాళ్లతో నెలల తరబడి వాదించాను. నీ రిపోర్ట్ వచ్చాక నా చేతిలో చూపించడానికేం మిగల్లేదు." బ్రెండా గొంతులో నిష్ఠూరం లేదు. "నువ్వు ఉన్నదే రాశావు. నీ తప్పేముంది."

ఛాయాదేవి ఆ పూట ఇంటికి వెళ్లిపోయింది. మర్నాడు ఆఫీసు తెరవగానే బ్రెండా గదికి వెళ్లి నిలబడే చెప్పింది. "ఆ రిపోర్ట్ పూర్తిది కాదు. పెద్ద ఫైళ్ల పని ఆ లాప్‌టాప్‌ల మీద నిమిషాల్లో అవుతుంది. మన పనిలో ఎక్కువ భాగం అదే. నేను నెమ్మదిగా వచ్చినవే పెట్టాను. ఇంకోసారి టెస్ట్ చేయించు, ఇంకెవరితోనైనా సరే."

బ్రెండా అడిగింది. "ఎందుకు?"

ఛాయాదేవి తల అడ్డంగా ఊపింది. చెబితే అనీష్ పేరు చెప్పాలి.

"హైదరాబాద్ కాంట్రాక్టు మీద సంతకాలయిపోయాయి" అంది బ్రెండా. "నేనిది ఎవరికీ చెప్పను. కానీ నన్నింకెప్పుడూ రిఫరెన్స్ అడగొద్దు."

అనీష్ కనిపించిన ప్రతి ఉద్యోగానికీ అప్లై చేశాడు. వీసా మాట రాగానే ఫోన్లు ఆగిపోయేవి. నవంబరులో పాప పుట్టింది. దియ అని పేరు పెట్టారు. గ్రీన్ కార్డ్ ఫైలు ఎటూ తేలకుండానే ఉద్యోగంతోపాటు పోయింది. ఉద్యోగం పోయాక వీసా ఉండనిచ్చే రెండు నెలల గడువు దగ్గరపడుతుంటే పాపకు పాస్‌పోర్ట్ తీయించి, కారు అమ్మేసి, అపార్ట్‌మెంట్ ఖాళీ చేశారు. ఛాయాదేవి వెళ్లి సామాన్లు సర్దిపెట్టింది. అనీష్ కింద ఛాయాదేవి కారులో పెట్టెలు పెడుతున్నప్పుడు రష్మి పాపను భుజాన వేసుకుని ఆమె దగ్గరకు వచ్చింది.

"మీరు చేసింది నాకు తెలుసు ఆంటీ. ఆయనకు చెప్పలేదు."

"చెప్పకు."

"నేనడగకపోతే మీ జాబ్ ఉండేది కదా?"

ఛాయాదేవి పాప టోపీ సరిచేసింది. "బయట చలిగా ఉంది. దాన్ని బాగా కప్పు" అంది.

వాళ్లు వెళ్లిపోయాక చలికాలం నిజంగా మొదలైంది. కొత్తగా కొనుక్కున్న ఇన్సూరెన్స్ కింద చక్రపాణి పాత థెరపిస్టులు రారు. దాని కింద వచ్చేవాళ్లు దూరంగా ఉన్నారు, అదీ నెలకోసారే చూస్తామన్నారు. ఛాయాదేవి ఇంట్లోనే కార్డులు పెట్టుకుని ఆయనకు మాటలు చెప్పించేది. సంక్రాంతి వేళకు చెంచా, తాళంచెవి లాంటి మాటలు మళ్లీ జారిపోవడం మొదలుపెట్టాయి. ఒకరోజు ఆయన ఆమె పేరు కోసం కళ్లు మూసుకున్నాడు. ఆమె ఎదురుగా కూర్చుని ఆగింది. చాలాసేపటికి దొరికింది. ఇద్దరూ ఆ సంగతి ఆద్యకు చెప్పలేదు.

ఉద్యోగానికి ఇంటర్వ్యూలు రెండు మూడు వచ్చాయి. పాత మేనేజరు నంబరు అడిగేసరికి ఆమె ఆగిపోయేది. చివరికి పక్క ఊరు అరోరాలో ఒక మందుల షాపులో కౌంటర్ దగ్గర కుదిరింది. వచ్చినవాళ్ల పేరు, పుట్టిన తేదీ అడిగి, వాళ్ల మందుల సంచీ వెతికి ఇవ్వడం. సంచీల మీద కొన్ని మందుల పేర్లు ఆమెకు బాగా తెలుసు. అవి జనం చేతికి రాకముందు ఎవరెవరి మీద పనిచేశాయో, ఎవరి మీద పనిచేయలేదో ఆమె లెక్క కట్టిందే.

వసంతంలో ఒక ఆదివారం పొద్దున అనీష్ ఫోన్‌చేశాడు. ఆమె వంటగదిలో స్పీకర్ పెట్టుకుని బీన్స్ తరుగుతోంది. చక్రపాణి బల్ల దగ్గర కూర్చుని ఉన్నాడు.

"ఛాయ గారూ, అనీష్‌ని. సార్ ఎట్లున్నరు?"

"ఉన్నారు. పాపెలా ఉంది?"

"బోర్లా పడుతున్నది. జాబ్ దొరికిందండి నాకు. చెబితే నవ్వుతరు. మన పనే. హైదరాబాద్‌ల ఆ కంపెనీలనే చేరిన. మన ఫైళ్లు, మీరు రాసిన ప్రోగ్రాములు. పైన మీ పేరు గూడ అట్లనే ఉంది."

"మంచిదే కదా."

"జీతమంటే ఇక్కడి జీతమే, అన్నీ నైట్ షిఫ్ట్‌లు. అది వేరే సంగతి. మిమ్మల్ని ఒకటి అడుగుదామని చేసిన. ఇక్కడ మాకిచ్చింది గూడ అసుమంటి లాప్‌టాప్‌లే. మనం పొద్దున పెడితే లంచ్‌కి వచ్చేది చూడండి, ఆ రన్, నిమిషాల్ల అయిపోతున్నది. మీ టెస్ట్‌ల స్లో ఎందుకొచ్చిందో సమజైతలేదు. ఏదన్న సెట్టింగ్ తేడా ఉండెనా?"

ఉండిందని చెప్పొచ్చు. అతను నమ్మేవాడు కూడా. ఛాయాదేవి కత్తి పక్కన పెట్టింది.

"నాక్కూడా అంతే ఫాస్ట్‌గా వచ్చాయి అనీష్."

"అంటే?"

"అవి రిపోర్ట్‌లో సరిగ్గా చూపించలేదు. స్లోగా వచ్చినవే ఏరి పెట్టాను. నీ అప్రూవల్ వచ్చేదాకా ఆపుదామనుకున్నాను."

అటువైపు ఏదో స్కూటర్ హారన్ వినిపించింది.

"నేను అడగలేదు కదండీ మిమ్మల్ని."

"లేదు. నువ్వు అడగలేదు. నాకు నేనే చేశాను."

"ఉన్నదున్నట్టు రాస్తే?"

"నేను, నీల్ ఉండేవాళ్లం."

"నేను ఎట్లయినా పోయేటోన్నే." మళ్లీ తనే, "నీల్ పాపం ఇల్లు గూడ కొత్తగ కొన్నడు" అన్నాడు. ఆ తర్వాత, "ఉంటనండి" అని పెట్టేశాడు.

ఆ తర్వాత అతను మళ్లీ చేయలేదు. ఉగాదికి రష్మి నుంచి పాప ఫొటో ఒకటి వచ్చింది, కింద ఒక్క మాటా లేకుండా.

ఆ ఆదివారం ఫోన్ పెట్టేశాక ఛాయాదేవి బీన్స్ గిన్నెతో బల్ల దగ్గరకు వచ్చి కూర్చుంది. చక్రపాణి ఆమె వంక చూశాడు. ఏదో చెప్పాలని కళ్లు మూసుకున్నాడు. ఆమె ఆగింది.

"పోనీలే..." అన్నాడు ఆయన ఒక్కో అక్షరం కూడదీసుకుంటూ, "అననా?"

"వద్దు."

ఆయన అనలేదు. ఎడమచేత్తో బీన్స్ గిన్నె తన ముందుకు జరుపుకుని, ఒక్కొక్కటీ తుంచడం మొదలుపెట్టాడు. ఛాయాదేవి మందుల షాపు యూనిఫాం ఇస్త్రీ చేసుకోవడానికి లేచింది.